కాస్త జరగండి

సోహార్‌లో శనివారం. బడికి సెలవు.
పిల్లల్లేని గదిలో, పిల్లల కుర్చీల్లో
మోకాళ్లు ముడుచుకుని
కాబోయే టీచర్లు పదకొండు మంది.
వాళ్లకి టీచర్ని నేను.

ముప్పై నాలుగో స్లైడు మీద పెద్ద మాటొకటి.
దాన్ని మన భాషలో ఏమంటారని
రాత్రి నిఘంటువు తిరగేశాను.
'సమ్మిళితం' అట.
రాజంపేటలో ఆ మాట పలికిన నోరు
నేనైతే ఎరగను.

ఏసీ ముసలిది,
పిండిమరలా ఆడుతోంది.
నేను బోర్డు వైపు తిరిగి రాస్తూ
రాస్తూనే చెబుతున్నాను
ఎవరినీ వదిలిపెట్టకూడదని.

చాయ్ విరామంలో వచ్చింది నిస్సీ,
రాజోలు పిల్ల, ఎప్పుడూ చివరి వరస.
చున్నీ కాస్త పక్కకి తీసి చెవి చూపించింది.
"మీరు బోర్డేపు తిరిగితే
నాకు పాఠం అయిపోయినట్టేనండి.
ఈ మిషనుకి మీ గొంతూ ఏసీ మోతా ఒకటేనండి."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను.
తప్పు తనదే అయినట్టు అన్నాను.
"చెబితే పంతులమ్మ ఉద్యోగం ఇవ్వరంది మా అమ్మ."
వాళ్లమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో
పన్నెండేళ్లుగా
ఒక ముసలామెకి చెవీ, కాలూ.

బల్ల మీద పాఠ ప్రణాళికల కట్ట ఉంది.
ప్రతి కాగితంలోనూ ఒక గడి:
ప్రత్యేక అవసరాలున్న పిల్లలు?
పదకొండు మందీ రాశారు, 'లేరు'.
నిస్సీ కూడా.
పదకొండింటి కిందా నా సంతకం.

ఏసీ ఆపేశాం.
బయట నలభై నాలుగు డిగ్రీలు.
ఐదు నిమిషాలకి మెడలు తడిశాయి,
పదికి ఒకరు గట్టిగా నిట్టూర్చారు.
నిజం చెప్పాలి,
ఇంకెంతసేపు అని లోపల విసుక్కున్నది నేనే.

ఆపైన ఒక ఒప్పందానికొచ్చాం:
రాసేటప్పుడు ఏసీ, మాట్లాడేటప్పుడు చెమట.
కుర్చీలు గుండ్రంగా లాగాం.
ఇనప కాళ్లు నేలని గీరాయి.
నిస్సీ చెవి మూసుకుంది.
గుమ్మంలో తుడుపుకర్రతో షొఫీకుల్
ఏమీ అనలేదు. చూశాడు.

మళ్లీ శనివారం సంచి మోసుకొచ్చాడు.
పోర్టు క్యాంపు వెనక ఇసకలో
శుక్రవారం క్రికెట్‌లో బొచ్చు రాలిన టెన్నిస్ బంతులు.
బ్లేడుతో ఒక్కోదానికి కత్తిగాటు,
ఒక్కో కాలికి ఒక్కో బంతి.
నలభై నాలుగు.
నా కుర్చీకి మిగల్లేదు.
నిలబడ్డాను.
నిలబడితేనే పెదాలు బాగా కనబడుతున్నాయంది నిస్సీ.

ఆ రోజే గుర్తొచ్చింది మా ఊరి బస్సు.
ముగ్గురి సీటు దగ్గర నాలుగో మనిషి నిలబడితే
ఎవరో ఒకరు అనేవారు, "కాస్త జరగమ్మా."
జరగడమంటే పక్కకి కదలడం.
జరగడమంటే అవడం కూడా.
ఎవరూ జరక్కుండా ఏదీ జరగదని
భాషకి ఎప్పుడో తెలుసు.
నేనే నిఘంటువు మోసుకు తిరిగాను.

నిస్సీ మొదటి పాఠం నాలుగో తరగతికి, భిన్నాలు.
తన్వీర్ బల్ల కిందికి దూరి రావడం లేదు.
అబాయా సర్దుకుంటూ పక్కనే ఉన్న అరబ్బీ టీచర్ జోఖా
కళ్లతోనే అడిగింది, లాగనా?
నిస్సీ తల అడ్డంగా ఊపింది.
ఖుబ్జ్‌ని నాలుగు ముక్కలు చేసి
పావు భాగం బల్ల కిందికి అందించింది.
"నీ దగ్గరెంత?"
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత నమిలిన చప్పుడు.
"ఇప్పుడు సున్నా," అంది బల్ల.
తరగతంతా నవ్వింది. నిస్సీకి వినబడలేదు,
చూసి నవ్వింది.

చివరి బెంచీలో నేను, ఒళ్లో మార్కుల కాగితం.
క్రమశిక్షణకి ఐదు.
ఎంత వెయ్యాలో తోచలేదు.
తన ప్రణాళికలో ఆ గడి చూశాను.
'లేరు' కొట్టేసి ఉంది.
పక్కన, 'ఇంకా అడగలేదు.'

ఇంతలో ఎవరో మోచెయ్యి గిల్లారు.
రెండు జడల పిల్ల,
నా వెనక గోడకానుకుని ఉంది.
నా తల అడ్డమట, బోర్డు కనబడ్డం లేదట.

జరిగాను.